పురిటికి పుట్టింటికి: బాపట్ల తీరంలో తాబేలు

తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి రావడం తెలుగువాళ్ళ ఆనవాయితీ. చీరాల పక్కన రామాపురం నుంచి బాపట్ల సూర్యలంక మీదుగా నిజాంపట్నం వరకు సాగే ఇసుక తీరంలో ఈ ఆనవాయితీని మనుషులకంటే ముందునుంచీ పాటిస్తున్న జీవి ఒకటి ఉంది. సంక్రాంతి వెళ్ళాక, చలి ఇంకా వదలని రాత్రుల్లో అది సముద్రంలోంచి ఒంటరిగా పైకి వస్తుంది. అది ఆలివ్ రిడ్లే తాబేలు. ఏ తీరంలో ఇసుక చీల్చుకుని పుట్టిందో, పది పదిహేనేళ్ళకు ఈడొచ్చాక ఆ చుట్టుపక్కల తీరానికే గుడ్లు పెట్టడానికి చేరుతుంది. దారి చూపడానికి దానికి తల్లి లేదు, తోడు లేదు. భూమికున్న అయస్కాంత క్షేత్రంలో ఆ తీరం దగ్గరి తీరుతెన్నులను పసితనంలోనే గుర్తుపెట్టుకుంటుందని శాస్త్రవేత్తలు చెబుతారు.

తెలుగువాళ్ళు తాబేలుకు ఇచ్చిన పేర్లు తక్కువేమీ కావు. కూర్మం, కమఠం, కచ్ఛపం అన్నవి పుస్తకాల్లోని పేర్లు. వాడుకలో తాబేలు, కొన్నిచోట్ల తాంబేలు. పేర్లతోపాటు దానిమీద మోపిన అర్థాలూ ఎక్కువే. నిదానం, ఓర్పు, ఇంద్రియ నిగ్రహం, దీర్ఘాయువు, భూభారం మోసే బలం, ఇంటికి సిరి. వీటిలో కొన్ని ఆ జీవిని దగ్గరగా చూసినవాళ్ళు చెప్పినవి, కొన్ని చూడకుండా చెప్పినవి. ఏది ఏదో తేల్చుకోవడానికి బాపట్ల తీరం మంచి చోటు.

ముందు జంతువును చూడాలి. పెరిగిన ఆలివ్ రిడ్లే డిప్ప పొడవు రెండడుగులు దాటుతుంది. బరువు 35 నుంచి 45 కిలోలు. నీళ్ళలో తెడ్లలా పనికొచ్చే కాళ్ళు ఇసుక మీద దానికి భారమే. రెండు గజాలు పాకి ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ పాకుతుంది. అలలు అందని ఎత్తుకు చేరాక వెనక కాళ్ళతో మూరెడు లోతు గుంట తవ్వుతుంది. ఆ తవ్వే తీరు చూసితీరాలి. ఒక కాలు అరచేయిలా ముడుచుకుని చారెడు ఇసుక పైకి తెస్తుంది, రెండో కాలు గుంట అంచున రాలబోయే ఇసుకను పక్కకు విసురుతుంది. వెనక ఏం జరుగుతోందో దానికి కనిపించదు. అయినా గుంట మెడ సన్నగా, అడుగు వెడల్పుగా, కుండ పోతపోసినట్టు వస్తుంది. అందులో వంద, నూట ఇరవై దాకా తెల్లటి గుడ్లు పెడుతుంది. గుడ్డు పెంకు గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది కాబట్టి ఒకదానిమీద ఒకటి పడినా పగలవు. తర్వాత ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో దబదబా మోదుతుంది. కొత్త ఇంటి నేలను దిమ్మిస కొట్టినట్టే ఉంటుంది ఆ చప్పుడు. గంట లోపల పని ముగించుకుని వెనక్కి తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఆ పిల్లల్ని అది ఎప్పటికీ చూడదు.

గుడ్లు పెట్టేటప్పుడు దాని కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటాయి. పురిటి నొప్పికి ఏడుస్తోందని చూసినవాళ్ళ మనసు కరుగుతుంది. నిజానికి ఉప్పునీళ్ళలో బతికే జీవికి ఒంట్లో చేరిన అదనపు ఉప్పును బయటికి పంపే గ్రంథులు కళ్ళ దగ్గర ఉంటాయి. సముద్రంలో ఉన్నా ఆ నీరు కారుతూనే ఉంటుంది, మనకు కనబడదు.

తాబేలు అనగానే చదువుకున్నవాళ్ళకు మొదట గుర్తొచ్చేది భగవద్గీత రెండో అధ్యాయంలోని స్థితప్రజ్ఞుడి లక్షణం. తాబేలు అవయవాల్ని లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాల్ని విషయాలనుంచి వెనక్కి తీసుకోగలిగినవాడి బుద్ధి నిలకడగా ఉంటుందని అక్కడి భావం. పతంజలి యోగసూత్రాల విభూతి పాదంలోనూ కూర్మనాడి మీద మనసు నిలిపితే స్థిరత్వం కలుగుతుందన్న మాట ఉంది. అయితే సూర్యలంక ఇసుక మీదికి వచ్చే తాబేలు తలను, కాళ్ళను డిప్పలోకి ముడుచుకోలేదు. సముద్రపు తాబేళ్ళలో ఏ జాతికీ ఆ శక్తి లేదు. ఈదడానికి పనికొచ్చేలా డిప్ప పలచబడి, కాళ్ళు తెడ్లై, ముడుచుకునే చోటు పోయింది. నక్క వచ్చినా కుక్క వచ్చినా అది తల దాచుకోలేదు.

గీతలోని ఉపమానం ఎవరిదో తెలియాలంటే సముద్రం విడిచి తెనాలి, రేపల్లె పంట కాలవల వైపు రావాలి. ఊడ్పుల వేళ వరిమళ్ళలో, కాలవ గట్ల మీద కనిపించే చిన్న తాబేలుకు పొట్టకింద, వెనక కాళ్ళ దగ్గర రెండు తోలు రెప్పలుంటాయి. ఎవరైనా ముట్టుకుంటే కాళ్ళు లోపలికి లాక్కుని ఆ రెప్పల్ని తలుపుల్లా వేసేసుకుంటుంది. డెల్టాలో పెరిగిన ప్రతి పిల్లవాడూ పుల్లతో పొడిచి, అది మళ్ళీ తల ఎప్పుడు బయట పెడుతుందా అని కాచుకుని కూచున్నవాడే. గడియ గడిచినా అది తొందరపడదు. ఆ ఉపమానానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకడం కష్టం.

వైదిక వాఙ్మయంలో తాబేలు అంతకంటే పాతది. శతపథ బ్రాహ్మణం తాబేలును ప్రపంచం నమూనాగా చూసింది. కింది డిప్ప భూమి, పై డిప్ప ఆకాశం, నడుమ ఉన్నది అంతరిక్షం. అగ్నిచయనంలో ఇటుకలతో వేదిక పేర్చేటప్పుడు దాని అడుగున తాబేలును ఉంచేవారు. ప్రజాపతి ఆ రూపం ధరించి ప్రాణుల్ని సృష్టించాడని, కశ్యపుడంటే తాబేలేనని, అందుకే ప్రాణులన్నీ కశ్యపుడి సంతానమని ఆ గ్రంథం చెబుతుంది. వేదిక అడుగున తాబేలుండాలన్న ఆ ఊహ ఆలయ నిర్మాణంలో ఇప్పటికీ బతికే ఉంది. మూలవిరాట్టు కింద కూర్మశిల పెట్టడం ఆగమ సంప్రదాయం. భక్తుడు దణ్ణం పెట్టే దేవుడి కిందే, కంటికి కనబడకుండా ఒక తాబేలు బరువు మోస్తూ ఉంటుందన్నమాట.

పాలసముద్రాన్ని చిలికేటప్పుడు మందరగిరిని మోసిన కూర్మం మొదట విష్ణువు కాదు. మహాభారతం ఆదిపర్వంలో దేవతలు వెళ్ళి అడిగింది అకూపారుడనే కూర్మరాజును. పురాణాల కాలానికి ఆ బాధ్యత విష్ణువుకు వచ్చింది. తెలుగువాళ్ళు ఈ కథను ఎక్కువగా పోతన భాగవతం అష్టమ స్కంధం ద్వారా ఎరుగుదురు. సంస్కృత భాగవతంలో ఒక ముచ్చట సముద్రపు ఒడ్డున నిలబడి తలచుకోదగ్గది. వీపు మీద కొండ గిర్రున తిరుగుతుంటే ఆ మహా కూర్మానికి హాయిగా గోకినట్టు ఉండి కునుకు పట్టిందట. ఆ కునుకులో తీసిన ఉచ్ఛ్వాస నిశ్వాసాలవల్లే సముద్రం నేటికీ ముందుకీ వెనక్కీ కదులుతోందట. ఆటుపోట్లకు ఇంత చక్కని కారణం మరే పురాణమూ చెప్పినట్టు లేదు.

కూర్మావతారమే మూలవిరాట్టుగా పూజలందుకునే ప్రసిద్ధ క్షేత్రం మన రాష్ట్రంలోనే, శ్రీకాకుళం జిల్లా గార దగ్గర శ్రీకూర్మంలో ఉంది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ఆలయానికి రెండు ధ్వజస్తంభాలు. స్తంభాల నిండా శాసనాలు. మధ్వాచార్యుల శిష్యుడు, కళింగంలో అధికారం నెరపిన నరహరితీర్థులు అక్కడ యోగానంద నరసింహుని గుడి కట్టించిన సంగతి 1281 నాటి శాసనం చెబుతుంది. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళు తిరుగుతుంటాయి. భక్తులు ఆకుకూరలు తెచ్చి పెడతారు. లోపల రాతి కూర్మం, బయట ఆకు నములుతున్న కూర్మం, అల్లంత దూరంలో సముద్రంలో మూడో కూర్మం. ఒకే క్షేత్రంలో మూడూ చేరిన చోటు అరుదు.

గురుశిష్య సంప్రదాయంలో తాబేలుకు ఇంకో చోటుంది, అది తల్లి చోటు. దీక్ష మూడు విధాలని కులార్ణవ తంత్రం చెబుతుంది. పక్షి రెక్కల కింద పొదిగి స్పర్శతో పిల్లల్ని పెంచుతుంది. చేప కంటిచూపుతో పెంచుతుంది. తాబేలు గుడ్లు ఒడ్డున విడిచి, తాను ఎక్కడో నీళ్ళలో ఉండి, కేవలం తలపుతో పెంచుతుంది. గురువు శిష్యుణ్ణి ముట్టుకుని, చూసి, లేదా దూరంనుంచే తలచుకుని అనుగ్రహిస్తాడని దాని అర్థం. ఈ మాట అన్నవాళ్ళు తాబేలును ఒడ్డున నిలబడి చూసినవాళ్ళే అయి ఉండాలి. తల్లి దగ్గర లేకుండానే గుడ్లు పిల్లలు కావడం వాళ్ళను ఆశ్చర్యపరచింది. తల్లి చేయని పని ఎవరు చేస్తున్నట్టు? తల్లి తలపే చేస్తోందని తీర్మానించారు.

ఇప్పటి జీవశాస్త్రం ఆ పని ఇసుక చేస్తోందని చెబుతుంది. ఎండకు కాగిన ఇసుకలో గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. పుట్టేది ఆడో మగో కూడా ఆ వేడే నిర్ణయిస్తుంది. సుమారు 29, 30 డిగ్రీల మధ్య రెండూ కలిసి పుడతాయి, అంతకంటే వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. అయితే తలపు మాట పూర్తిగా కొట్టిపారేయదగ్గదీ కాదు. అమెజాన్ నదిలో బతికే ఒక పెద్ద తాబేలు జాతిలో తల్లులు గుడ్లు పెట్టిన ఒడ్డు దగ్గరే నెలల తరబడి కాచుకుని ఉంటాయని, గుడ్లలోంచి బయటపడే పిల్లలతో సన్నటి ధ్వనులతో మాట్లాడుకుని కలిసి ప్రయాణం కడతాయని పరిశోధకులు రికార్డు చేశారు. మన రిడ్లే తల్లి అలా ఆగదు. దాని తలపంతా తిరిగి రావడంలోనే ఉంది.

జ్ఞాపకం ఉన్న తాబేలు కథ మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. కూర్మావతారంతో పోలిస్తే దీన్ని తలచుకునేవారు తక్కువ, తలచుకోవలసినంత గొప్ప కథ. ఇంద్రద్యుమ్నుడనే రాజు పుణ్యం చేసి స్వర్గానికి వెళ్ళాడు. భూమ్మీద అతణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరూ మిగలకపోవడంతో స్వర్గంనుంచి కిందికి జారాడు. నన్ను ఎరుగుదువా అని చిరంజీవి మార్కండేయుణ్ణి అడిగాడు, ఎరుగనన్నాడు. అంతకంటే పెద్దదైన గుడ్లగూబను అడిగారు, అదీ ఎరగదు. దానికంటే పెద్దదైన కొంగను అడిగారు, ఎరగదు. చివరికి ఒక సరస్సులో ఉన్న అకూపారుడనే తాబేలును పిలిచారు. ఆ పేరు వినగానే తాబేలు ఒళ్ళు వణికింది, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఈయన యజ్ఞాల్లో దానమిచ్చిన ఆవుల గిట్టలు తొక్కీ తొక్కీ ఏర్పడిన సరస్సే ఇది, నేను బతుకుతున్నది ఈయన దయవల్లే అని చెప్పింది. రాజుకు మళ్ళీ రథం వచ్చింది. మందరగిరిని మోసిన తాబేలు పేరూ, మనిషి మేలును మోసిన తాబేలు పేరూ ఒక్కటే కావడం గమనించాలి.

బౌద్ధంలో తాబేలు మరో పాఠం చెబుతుంది. అది గుడ్డి తాబేలు. మహాసముద్రంలో వందేళ్ళకొకసారి పైకి వచ్చి తల ఎత్తుతుంది. అదే సముద్రంలో ఒక్క రంధ్రమున్న కాడి గాలివాటుకు తేలుతూ ఉంటుంది. తాబేలు తల సరిగ్గా ఆ రంధ్రంలో దూరడం ఎంత అరుదో, కిందికి పడిపోయిన జీవికి మళ్ళీ మనిషి పుట్టుక దొరకడం అంతకంటే అరుదని పాలి సూత్రాల్లో బుద్ధుడి ఉపమానం. తెనాలి, రేపల్లెల మధ్య ఉన్న భట్టిప్రోలులో క్రీస్తుకు పూర్వమే బౌద్ధ స్తూపం లేచింది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వి ధాతు కరండాలు, వాటిమీద బ్రాహ్మీ లేఖనాలు బయటికి తీశాడు. కాడి అంటే ఏమిటో, తాబేలు అంటే ఏమిటో డెల్టా రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఈ నేలమీద ఆ ఉపమానానికి అర్థం వెతుక్కునే పని ఉండదు.

పిల్లల కథల్లో తాబేలుకు రెండు ముఖాలు. నోరు కట్టుకోలేక కర్రను వదిలి ఆకాశంనుంచి పడిన తాబేలు ఒకటి. పంచతంత్రం మిత్రలాభంలో కాకి, ఎలుక, జింకలతో స్నేహం కట్టి, చిక్కుల్లో పడ్డ మిత్రుడికోసం నీళ్ళు విడిచి నడిచొచ్చిన మంథరుడు రెండోది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చాక ఆ స్నేహం కథ తెలుగు బడిపిల్లలందరిదీ అయింది. తెనాలి ప్రాంతంవాడైన చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1947 జూలైలో మొదలుపెట్టిన చందమామ ఇలాంటి జంతువుల కథలకు బొమ్మలు తోడుచేసి ఇంటింటికీ పంపింది. మంథరుడి కథలో ఒక చిన్న నిజముంది. నేలమీద తాబేలు నడక దానికి ప్రమాదమే. అది తెలిసీ వచ్చింది.

ఇతర దేశాల్లోనూ తాబేలు బరువు మోసేదే. ఉత్తర అమెరికాలోని ఇరాక్వాయ్ ప్రజలు నేల మొత్తం తాబేలు వీపు మీద ఉందంటారు. చైనాలో మూడు వేల ఏళ్ళ కిందట షాంగ్ రాజులు తాబేలు పొట్ట డిప్పను వేడిచేసి, పగుళ్ళు చూసి శకునం చెప్పించుకునేవారు. ఆ డిప్పల మీద గీసిన అక్షరాలే చైనా లిపిలో మనకు దొరికిన తొలి రాతలు.

సంకేతాన్ని నమ్మేవాళ్ళు జంతువుకు మేలు చేస్తారనుకోవడం సహజం. అన్నివేళలా అలా జరగడం లేదు. తాబేలు ఉంగరం, గాజు గిన్నె నీళ్ళలో ఇత్తడి తాబేలు బొమ్మ వరకైతే నష్టం లేదు. కానీ ఇరవై గోళ్ళ తాబేలు ఇంట్లో ఉంటే లక్షలు కురుస్తాయని, గుప్త నిధులు చూపిస్తుందని నమ్మించి బతికున్న తాబేళ్ళను అమ్మే ముఠాలు పోలీసులకు చిక్కుతూనే ఉన్నాయి. నక్షత్ర తాబేలు డిప్ప మీది చుక్కలే దానికి శాపమయ్యాయి. సంచుల్లో, సూట్‌కేసుల్లో కుక్కి దేశం దాటించే వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2019లో వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం దాన్ని అత్యంత కఠినమైన నిషేధ జాబితాలో చేర్చవలసి వచ్చింది. శ్రీకూర్మంలో ఆకు తినిపించే చెయ్యీ, సంచిలో కుక్కే చెయ్యీ రెండూ తాబేలును శుభమనే నమ్ముతాయి. ఆ తేడాను ఆలయాలు, పీఠాలు భక్తులకు గట్టిగా చెప్పాలి.

సముద్రపు తాబేలుకు ఆపద వేరే దారిన వస్తుంది. అది గాలి పీల్చే జీవి. మరబోట్లు లాగే ట్రాల్ వలలో చిక్కి సమయానికి పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. జనవరి, ఫిబ్రవరిలో బాపట్ల తీరాన పొద్దున్నే నడిచేవాళ్ళకు కొట్టుకొచ్చిన తాబేళ్ళ కళేబరాలు కొత్త కాదు. వల మెడలో కమ్మీల చట్రం అమర్చి, రొయ్య లోపలికి పోయి తాబేలు పైకి తప్పించుకునే ఏర్పాటును కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు రూపొందించింది. దానితో కొంత పట్టు కూడా జారిపోతుందన్నది మత్స్యకారుల బాధ, అది తోసిపుచ్చదగ్గది కాదు. ఈ గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది. తాబేళ్ళను కాపాడే ఏర్పాటు లేని వలల రొయ్యను అమెరికా కొననంటే భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ఫిర్యాదు చేశాయి, 1998లో తీర్పు వచ్చింది. సముద్రంలో పట్టిన మన రొయ్యకు 2019లో అమెరికా మళ్ళీ తలుపు మూసింది. వలలో పడ్డ తాబేలుకు దణ్ణం పెట్టి నీళ్ళలోకి వదిలే పల్లెకారులు ఈ తీరంలో ఉన్నారు. వాళ్ళ దణ్ణానికి చట్రం ఖర్చు తోడైతే పని పూర్తవుతుంది, ఆ ఖర్చు ప్రభుత్వం భరించడం న్యాయం.

మన తీరానికి వచ్చేవి ఒడిశాకు వచ్చినన్ని కావు. అక్కడ రుషికుల్య నది మొగ దగ్గర 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్ళు కొద్ది రోజుల్లోనే ఒడ్డెక్కాయి. ఇక్కడ విడివిడిగా, రాత్రికి కొన్నేసి వస్తాయి. అందుకే ఒక్కో గూడూ లెక్కలోకి వస్తుంది. వీటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉన్నా, సరుగుడు తోటల్లోని నక్కలకూ ఊరకుక్కలకూ ఆ చట్టం తెలియదు. వాసన పట్టి ఒక్క రాత్రిలో గూడు ఖాళీ చేస్తాయి. సూర్యలంకతో పాటు బాపట్ల తీరంలో అటవీ శాఖ గుడ్ల సంరక్షణ కేంద్రాలు నడుపుతున్నది ఇందుకే. కాపలావాళ్ళు తెల్లవారకముందే తీరం వెంట నడుస్తారు. ఇసుక మీద తాబేలు పాకిన జాడ, చిన్న ట్రాక్టరు చక్రం నడిచినట్టు, సముద్రంనుంచి పైకీ మళ్ళీ కిందికీ కనిపిస్తుంది. జాడ తిరిగిన చోట సన్నటి కర్రతో గుచ్చి చూస్తే గూడు ఉన్నచోట ఇసుక మెత్తగా దిగుతుంది. గుడ్లను తీసేటప్పుడు తలకిందులు కానివ్వరు, లోపలి పిండానికి చేటు. కంచె వేసిన ఆవరణలో అంతే లోతు గుంట తవ్వి, అదే వరసలో పేర్చి, తేదీ, సంఖ్య రాసిన పుల్ల గుచ్చుతారు.

నెలన్నర దాటాక ఒక రాత్రి ఇసుక మధ్యలో చిన్న సొట్ట పడుతుంది. కింద పిల్లలు కదులుతున్నాయన్నమాట. కాసేపటికి ఒక నల్లటి ముక్కు, దాని వెనక ఇంకో పది, తర్వాత గూడంతా పొంగినట్టు పైకి వస్తుంది. ఒక్కొక్కటి అరచేతిలో సగం కూడా ఉండదు. వెయ్యింటిలో ఒక్కటి పెద్దదైతే గొప్పని అంచనా. పిల్లలు వెలుతురున్న వైపుకే పోతాయి కాబట్టి ఒడ్డున రిసార్టుల దీపాలుంటే సముద్రానికి బదులు రోడ్డెక్కుతాయి, దగ్గర్లోని లైట్లన్నీ ఆర్పించాలి. బుట్టల్లో తీరానికి తెచ్చాక ఎవరూ వాటిని నీళ్ళలో పోయరు. అలకు ఇవతల కొన్ని గజాల దూరంలో తడి ఇసుక మీద దించి, పక్కకు తప్పుకుంటారు. ఆ కాస్త దూరం వాటంతట అవే నడవాలి. పదేళ్ళ తర్వాతో పదిహేనేళ్ళ తర్వాతో తిరిగి రావలసింది ఈ ఇసుకకేనని అవి గుర్తుపెట్టుకునేది ఆ నడకలోనేనని కాపలావాళ్ళ నమ్మకం. చూడవచ్చిన బడిపిల్లలు టార్చిలైట్లు ఆర్పేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగు తీసి అడుగు వేయకుండా నిలబడతారు.